ఈసీఎం మార్చాలంటున్నారు, నిజంగా పోయింది అదేనా?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లె. 2014 మోడల్ డీజిల్ కారు ఉంది, లక్షా ముప్పై వేల కిలోమీటర్లు తిరిగింది. ఈ వానల్లో నెల రోజులుగా నడుస్తూ నడుస్తూ ఆగిపోవడం, పది నిమిషాల తరువాత మళ్లీ దానంతట అదే స్టార్ట్ కావడం జరుగుతూ వచ్చింది. పోయిన వారం నుంచి అసలు స్టార్ట్ కావడం లేదు. సెల్ఫ్ బాగానే తిరుగుతోంది కానీ ఇంజను అందుకోవడం లేదు. తాళం తిప్పినప్పుడు ముందు వెలిగే చెక్ ఇంజన్ లైటు ఇప్పుడు వెలగడం లేదు. మెకానిక్ స్కానర్ పెట్టి చూసి, ఏబీఎస్ (బ్రేకుల కంప్యూటరు) పలుకుతోంది, ఇంజను పలకడం లేదు, కాబట్టి ఈసీఎం (ఇంజనును నడిపించే కంప్యూటరు పెట్టె) పోయింది, కొత్తది నలభై ఎనిమిది వేలు, ప్రోగ్రామింగ్ ఖర్చు వేరు అన్నారు. ఇంకొకరు ఇదే మోడల్ పాత కారులోంచి తీసినది పన్నెండు వేలకు ఇస్తాను, కప్లర్ (తీగల చివర ఉండే ప్లగ్గు) తగిలిస్తే చాలు, బండి నడుస్తుంది అంటున్నారు. ఏది చేయమంటారు?

సమాధానం: ముందుగా చెప్పవలసింది, ఈ రెండింటిలో దేనికీ ఇప్పుడే డబ్బు కట్టకండి. మీరు రాసిన రెండు లక్షణాలు, అంటే లైటు వెలగకపోవడం, స్కానర్‌కు ఇంజను పలకకపోవడం, ఈసీఎం మేల్కొనడం లేదని మాత్రమే చెబుతున్నాయి. అది చనిపోయిందని చెప్పడం లేదు. ఈసీఎంకు కరెంటు అందకపోయినా, దాని ఎర్త్ తీగ తుప్పు పట్టినా, దానికి అనుబంధంగా ఉన్న ఏదో ఒక సెన్సర్ లోపల షార్ట్ అయినా సరిగ్గా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. పైగా నెల రోజుల పాటు వానలో ఆగి, కాసేపటికి దానంతట అదే కోలుకున్న బండి అంటే నా అనుమానం ముందుగా కప్లర్లు, రిలే, ఎర్త్ తీగల మీదకే వెళుతుంది. ఈసీఎం లోపలి బోర్డులోనూ అలాంటి వచ్చిపోయే దోషం ఉండవచ్చు, అయితే దాన్ని వరుసలో ముందు కాదు, చివర అనుమానించాలి. మన దగ్గర చాలా విడిభాగాల దుకాణాల్లో ఎలక్ట్రికల్ వస్తువులు ఒకసారి అమ్మితే తిరిగి తీసుకోరన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఊహ తప్పితే ఆ నష్టం పూర్తిగా మీదే అవుతుంది, బండి మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ఈసీఎంకు కరెంటు ఎలా అందుతుందో తెలిస్తే మిగతా పరీక్షలన్నీ సులభంగా అర్థమవుతాయి. చాలా కార్లలో బ్యాటరీ నుంచి ఎప్పుడూ ఉండే ఒక 12 వోల్టుల తీగ ఒక ఫ్యూజు గుండా ఈసీఎంకు వస్తుంది. తాళం తిప్పినప్పుడు మాత్రమే వచ్చే రెండో తీగ దానికి మేల్కొనమని సూచన ఇస్తుంది. ఆ సూచన అందగానే ఈసీఎం మెయిన్ రిలే అనే చిన్న పెట్టెను పని చేయించి, దాని ద్వారా తనకూ, ఇంజెక్టర్లకూ, వాల్వులకూ కావలసిన అసలు కరెంటును తెప్పించుకుంటుంది. ఇక వాడిన కరెంటు తిరిగి వెళ్లడానికి రెండు మూడు, కొన్ని కార్లలో ఇంకా ఎక్కువ ఎర్త్ తీగలు ఉంటాయి. ఈ గొలుసులో ఎక్కడ తెగినా ఈసీఎం నిద్రలోనే ఉండిపోతుంది. అందువల్ల మీ మెకానిక్ గారిని మీరు అడగవలసిన మొదటి ప్రశ్న, ఈసీఎం కప్లర్ దగ్గర కరెంటును, ఎర్త్‌ను కొలిచారా, కొలిస్తే ఎంత వచ్చింది అన్నది. స్కానర్ పలకలేదన్నది ఆ ప్రశ్నకు సమాధానం కాదు. ఏబీఎస్ పలికిందంటే స్కానర్ కేబులూ, డ్యాష్‌బోర్డు కింద ఉండే పదహారు రంధ్రాల కప్లరూ బాగున్నాయని తెలిసింది, అది మంచిదే, కానీ అంతవరకే.

కొలతలు బ్యాటరీతో మొదలుపెట్టాలి. వారం రోజులుగా సెల్ఫ్ కొడుతూనే ఉన్నారు కనుక బ్యాటరీ నీరసించి ఉండవచ్చు. బండి కాసేపు నిలిపి ఉంచిన తరువాత 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, సెల్ఫ్ కొడుతున్నప్పుడు పదికి అటూ ఇటూ నిలబడాలి. తొమ్మిదిన్నర కంటే కిందికి పడిపోతుంటే ముందు దాన్ని చార్జింగు పెట్టించండి, ఎందుకంటే తక్కువ వోల్టేజీలో ఈసీఎం చెప్పే ఏ మాటనూ నమ్మడానికి వీల్లేదు.

తరువాత ఫ్యూజులు, మెయిన్ రిలే. ఫ్యూజును కంటితో చూసి బాగుందని వదిలేయకుండా, తాళం ఆన్‌లో ఉంచి దాని రెండు వైపులా మీటరు పెట్టి చూడాలి. రిలేకు అడుగున 30, 85, 86, 87 అని అంకెలు ఉంటాయి. 30 దగ్గర బ్యాటరీ కరెంటు ఉంటుంది, రిలే పని చేస్తే అది 87కు దాటుతుంది. తాళం తిప్పినప్పుడు రిలే టక్ మనకపోతే, దాన్ని తీసేసి, ఆ సాకెట్టులో 30, 87 రంధ్రాలను ఫ్యూజు ఉన్న ఒక చిన్న తీగతో తాత్కాలికంగా కలిపి, అప్పుడు స్కానర్ పెట్టి చూడాలి. ఇంజను వెంటనే పలికిందంటే ఈసీఎం బతికే ఉంది, దోషం రిలేలోనో, రిలేను పని చేయించే తీగలోనో ఉంది. కొన్ని వందల రూపాయల రిలేతో తీరిపోయే పనికి నలభై ఎనిమిది వేలు పెట్టబోయారన్నమాట. అయితే ఏ పెట్టెలో ఏ రిలే ఎక్కడ ఉందన్నది మీ కారు వైరింగ్ పటం చూసే చేయాలి, ఊహించి వేరే సాకెట్టులో తీగ పెట్టడం ప్రమాదం.

ఎక్కువ మంది పొరబడేది ఎర్త్ దగ్గర, కనుక దీన్ని కొంచెం వివరంగా రాస్తాను. ఇరవై పోగులున్న రాగి తీగలో పందొమ్మిది పోగులు తుప్పు పట్టి తెగిపోయి ఒక్క పోగే మిగిలినా, మీటరు పెడితే 12 వోల్టులూ చక్కగా చూపిస్తుంది. కారణం, మీటరు దాదాపు కరెంటు తీసుకోదు. ఈసీఎం మాత్రం కొన్ని ఆంపియర్లు తీసుకుంటుంది, ఆ ఒక్క పోగు అంత భారం మోయలేదు, వోల్టేజీ కుప్పకూలుతుంది. అందుకే కరెంటు తీగలనూ, ఎర్త్ తీగలనూ భారం పెట్టి పరీక్షించాలి. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసి, ఈసీఎం కప్లర్‌ను ఊడదీసి, టెర్మినల్‌ను మళ్లీ బిగించి, బండి వైపు కప్లర్‌లోని కరెంటు పిన్నుకూ ఎర్త్ పిన్నుకూ మధ్య బ్రేక్ లైటులో వాడే 21 వాట్ల బల్బును కలపండి. అది దాదాపు ఒకటిన్నర, రెండు ఆంపియర్ల మధ్య కరెంటు తీసుకుంటుంది. బల్బు తెల్లగా, నిండుగా వెలగాలి. ఎర్రగా మినుకుమంటే ఆ దారిలో ఎక్కడో తుప్పు ఉన్నట్టే. కప్లర్‌ను తిరిగి పెట్టాక తాళం ఆన్ చేసి, ఈసీఎం ఎర్త్ పిన్నుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య మీటరు పెట్టి చూస్తే 0.1 వోల్టు దాటకూడదు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు కూడా ఇదే కొలత చూడాలి, ఎందుకంటే ఇంజనుకూ బాడీకీ మధ్య ఉండే జడలాంటి ఎర్త్ పట్టీ వదులైతే అప్పుడే బయటపడుతుంది. బల్బు పరీక్ష కరెంటు, ఎర్త్ పిన్నులకు మాత్రమే. సెన్సర్ల తీగలకు, సమాచార తీగలకు పొరపాటున కూడా బల్బు పెట్టవద్దు, అది మంచి ఈసీఎంను కూడా కాల్చగలదు. అలాగే కొలవడానికి తీగ తొడుగులోకి సూది గుచ్చే అలవాటు మన షెడ్లలో ఉంది. మీది తేమ ఎక్కువగా ఉండే కృష్ణా డెల్టా, ఆ రంధ్రంలోంచి నీరు చేరి కొన్నాళ్లకు లోపల రాగి పచ్చబడుతుంది. కప్లర్ వెనుక నుంచి సన్నని పిన్నును తీగ పక్కనుంచి లోపలికి జార్చి కొలవడమే సరైన పద్ధతి.

కరెంటు, ఎర్త్ రెండూ నిండుగా ఉన్నా ఈసీఎం పలకకపోతే, తరువాత చూడవలసింది 5 వోల్టులు. ఈసీఎం తనకు వచ్చిన 12 వోల్టుల నుంచి నికరమైన 5 వోల్టులు తయారు చేసి సెన్సర్లకు పంపుతుంది. ఆ తీగల్లో ఒకదాన్ని రెండు మూడు సెన్సర్లు పంచుకుంటాయి. వాటిలో ఒకటి లోపల షార్ట్ అయితే, లేదా ఆ తీగ ఎక్కడో ఒరిసి బాడీకి తగిలితే, 5 వోల్టులు సున్నాకు పడిపోతాయి. కొన్ని కార్లలో ఆ దెబ్బకు ఈసీఎం పూర్తిగా మూగబోతుంది, అచ్చం మీ కారులాగే. పరీక్ష చాలా తేలిక. యాక్సిలరేటర్ పెడల్ కప్లర్ దగ్గరో, గాలి పీడనం కొలిచే మ్యాప్ సెన్సర్ దగ్గరో 5 వోల్టులు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే మీటరును అలాగే ఉంచి సెన్సర్లను ఒక్కొక్కటిగా ఊడదీస్తూ పోవాలి. ఇంజెక్టర్లకు డీజిల్ పంచే గొట్టం, అంటే రైలు మీది ప్రెషర్ సెన్సర్, ఏసీ గ్యాసు ప్రెషర్ సెన్సర్, ఇంజను తిరుగుడును కనిపెట్టే క్యామ్, క్రాంక్ సెన్సర్లు, మ్యాప్ సెన్సర్ వీటిలో తరచుగా దొరికిపోయేవి. ఏది తీయగానే 5 వోల్టులు తిరిగి వచ్చాయో దోషి అదే. వేడెక్కినప్పుడు ఆగి, చల్లారాక స్టార్ట్ కావడం క్రాంక్ సెన్సర్‌కు ఉన్న పాత జబ్బు, కనుక మీ విషయంలో దాన్ని ప్రత్యేకంగా చూడమని చెప్పండి. సెన్సర్‌ను ఊడదీయవచ్చు కానీ డీజిల్ పైపు నట్లను మాత్రం ఎవరూ వదులు చేయకూడదు. ఇంజను నడుస్తున్నప్పుడు ఆ రైలులో వెయ్యి బార్లు దాటగల ఒత్తిడి ఉంటుంది.

ఇక మిగిలింది సమాచార తీగల జంట. 1986లో బాష్ సంస్థ ప్రకటించిన క్యాన్ అనే పద్ధతి ప్రకారం కారులోని ఇలాంటి కంప్యూటరు పెట్టెలు రెండు మెలితిప్పిన తీగల మీద మాట్లాడుకుంటాయి. ఆ తీగలకు రెండు చివరలా 120 ఓముల నిరోధకం ఒక్కొక్కటి ఉంటుంది, చాలా కార్లలో వాటిలో ఒకటి ఇంజను ఈసీఎం లోపలే ఉంటుంది. బ్యాటరీ టెర్మినల్ తీసి, స్కానర్ కప్లర్‌లో 6, 14 రంధ్రాల మధ్య కొలిస్తే 60 ఓములకు దగ్గరగా రావాలి. 120 వచ్చిందంటే ఒక చివర తెగింది, అంటే ఈసీఎం దాకా తీగ చేరడం లేదు, లేదా ఈసీఎం లోపలి నిరోధకం పోయింది. సున్నాకు దగ్గరైతే రెండు తీగలూ ఎక్కడో కలిసిపోయాయి. మధ్యలో గేట్‌వే (సమాచారాన్ని అటూ ఇటూ మళ్లించే మరో పెట్టె) ఉన్న కార్లకూ, ఒకే తీగ మీద మాట్లాడే పాత కె-లైన్ పద్ధతి వాడే కార్లకూ ఈ లెక్క వర్తించదు కనుక మీ మోడల్‌కు ఏది ఉందో చూసుకోవాలి.

కొలతలు ఒక ఎత్తు, కళ్లతో చూడడం ఒక ఎత్తు. ఈసీఎం కప్లర్‌ను విప్పి వెలుతురులో పరిశీలించండి. పచ్చని లేదా తెల్లని పొడి, వంగిన పిన్ను, తడి, నూనె జాడ, ఏది కనిపించినా అది ముఖ్యమైన ఆధారం. అద్దం కింద ఆకులు చేరి నీరు పోయే దారి మూసుకుపోతే వాన నీరు వైరింగ్ మీదుగా కారుతుంది. పల్లెలో ఆరుబయటో, ధాన్యం దగ్గరో నిలిపే బండి అయితే ఎలుకలు తీగలు కొరికాయేమో బ్యాటరీ కిందా, ఇంజను వెనకా వెతకాలి. ఇది అరుదైన సంగతి కాదు. పిన్నులను కాంటాక్ట్ క్లీనర్‌తో శుభ్రం చేయాలి, గరుకు కాగితంతో రుద్దితే పైపూత పోయి మళ్లీ తొందరగా తుప్పు పడుతుంది. తాళం ఆన్‌లో, స్కానర్ తగిలించి ఉండగా, వైరింగ్ కట్టను చేత్తో మెల్లగా కదుపుతూ పోతే వచ్చిపోయే దోషాలు ఎన్నోసార్లు ఆ క్షణంలోనే పట్టుబడతాయి.

ఇవన్నీ చూశాక, కరెంటు నిండుగా ఉండి, ఎర్త్ బాగుండి, సమాచార తీగలు సరిగా ఉండి, సెన్సర్లన్నీ ఊడదీసినా, ఆ తీగ ఎక్కడా బాడీకి తగలడం లేదని తేలినా 5 వోల్టులు రాకపోతే అప్పుడు ఈసీఎం పోయిందని ధైర్యంగా చెప్పవచ్చు. పలికే ఈసీఎంలలో అయితే పీ0601, పీ0604, పీ0605, పీ0606 లాంటి కోడ్లు లోపలి జ్ఞాపకశక్తిలోనో ప్రాసెసర్‌లోనో దోషం ఉందని చెబుతాయి. అవి వచ్చినా ఒకసారి బ్యాటరీని నిండా చార్జి చేసి, కోడ్లు చెరిపి, మళ్లీ వస్తున్నాయో లేదో చూడనిదే నిర్ణయానికి రాకూడదు. యూ0100 అనే కోడ్ మాత్రం ఇంజను ఈసీఎం తమకు పలకడం లేదని మిగతా కంప్యూటరు పెట్టెలు చేసే ఫిర్యాదు, ఎందుకు పలకడం లేదో అది చెప్పదు. మీ కారు ఏబీఎస్‌లో ఆ కోడ్ ఉండే ఉంటుంది, దాన్ని ఎవరైనా రుజువుగా చూపిస్తే ఒప్పుకోకండి.

నిజంగా పోయిందని తేలినా కొత్తది పెట్టే ముందు ఇంకొక మెట్టు ఉంది, దీన్ని దాటవేసిన వాళ్లే ఒకే కారుకు రెండు ఈసీఎంలు కొంటారు. అది ఎందుకు పోయిందో కనుక్కోవాలి. నీరు చేరి పోయిందా, ఏదైనా వాల్వు కాయిల్ షార్ట్ అయి లోపలి ట్రాన్సిస్టర్‌ను కాల్చిందా, డైనమో 15 వోల్టులు దాటి చార్జి చేస్తోందా? ఇంజెక్టర్ పిన్నుకూ ఇంజను బాడీకీ మధ్య ఏ సంబంధమూ ఉండకూడదు, ఈజీఆర్ (కొంత పొగను తిరిగి ఇంజనులోకి పంపేది), రైలు ప్రెషర్ వాల్వుల నిరోధం కంపెనీ ఇచ్చిన అంకెకు సరిపోవాలి. ఈ మధ్య బండికి ఎక్కడైనా వెల్డింగు చేయించారా, వేరే బండి బ్యాటరీతో తీగలు తారుమారుగా కలిపారా అన్నది మీరే గుర్తు చేసుకోవాలి. డైనమో పని చేస్తోందో లేదో చూడడానికి ఇంజను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకే పద్ధతిని దయచేసి ఎవరినీ మీ బండి మీద చేయనివ్వకండి. ఆ క్షణంలో పుట్టే వోల్టేజీ పోటు అనేక రెట్లు పైకి లేచి ఎలక్ట్రానిక్ భాగాలను దెబ్బతీస్తుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. పన్నెండు వేల పాత ఈసీఎం కప్లర్ తగిలిస్తే చాలదు. మీ కారులో ఇమ్మొబిలైజర్ (దొంగతనాన్ని అడ్డుకునే ఏర్పాటు) ఉంటే, తాళం చెవిలోని చిప్‌కూ ఈసీఎంకూ మధ్య రహస్య సంకేతం కుదరాలి. వేరే బండి ఈసీఎంకు ఆ బండి తాళమే తెలుసు, కనుక ఇంజను అసలు అందుకోదు, లేదా అందుకుని క్షణాల్లో ఆగిపోతుంది. పైగా ఒకే మోడల్ అయినా సంవత్సరాన్ని బట్టి హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్ నంబర్లు మారుతాయి. స్టిక్కరు మీది నంబరు అక్షరం పొల్లుపోకుండా కలవాలి. పాతదానిలో ఎవరైనా ఈజీఆర్ మూయించిన, పవర్ పెంచిన సాఫ్ట్‌వేర్ ఎక్కించి ఉంటే ఆ తలనొప్పి కూడా మీకు బదిలీ అవుతుంది.

నా సలహా, మీ ఈసీఎంనే బాగు చేయించే ప్రయత్నం ముందు చేయండి. మీకు విజయవాడ ఆటోనగర్ దగ్గరే. ఈసీఎం బోర్డులు విప్పి, టేబుల్ మీద కరెంటు ఇచ్చి పరీక్షించే పనివారి కోసం అక్కడ వాకబు చేయండి. తుప్పు పట్టిన పిన్ను, కాలిన డ్రైవర్ ట్రాన్సిస్టర్, పాడైన విద్యుత్ భాగం లాంటివి సాధారణంగా బాగవుతాయి, మీ బండి డేటా, తాళాల సంకేతం అందులోనే ఉంటాయి కనుక ప్రోగ్రామింగ్ బాధ కూడా తప్పుతుంది. అది కుదరకపోతే, మీ పాత ఈసీఎంలోని డేటాను మొత్తం చదివి, నంబరు కలిసిన మరొక దానిలోకి అచ్చంగా ఎక్కించడం రెండో దారి. పన్నెండు వేల బేరం ఈ షరతు మీదనైతేనే ఆలోచించదగినది, డబ్బు కూడా బండి స్టార్ట్ అయి నాలుగు రోజులు తిరిగాకే పూర్తిగా ఇవ్వాలి. ప్రాసెసరే పోయి డేటా చదవడానికి వీలు కాకపోతే అప్పుడు కొత్తది తప్పదు. దాన్ని కంపెనీ స్కానర్ ఉన్నచోటే చేయించండి.

బిగించేటప్పుడు తాళం తీసేసి, ఈసీఎం పూర్తిగా నిద్రపోవడానికి కొన్ని నిమిషాలు ఆగి, ఆ తరువాతే బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీయాలి. పిన్నులను వేళ్లతో తాకకూడదు. ప్రోగ్రామింగ్ జరుగుతున్నంతసేపూ బ్యాటరీకి చార్జర్ లాంటి నిలకడైన సపోర్టు ఉండాలి, మధ్యలో వోల్టేజీ పడిపోతే కొత్త ఈసీఎం కూడా అక్కడికక్కడే పనికిరాకుండా పోవచ్చు. కరెంటు కోత ఉండే వేళల్లో ఈ పని పెట్టుకోకండి. కొత్తదానిలో మీ ఛాసిస్ నంబరు రాయాలి, మీ దగ్గరున్న తాళాలన్నీ, రెండోది కూడా, తీసుకువెళ్లి జత చేయించాలి. డీజిల్ కారు కనుక ఒక్కొక్క ఇంజెక్టర్ తల మీద ముద్రించిన కోడ్‌ను కూడా ఎక్కించాలి. ఆ కోడ్ ప్రతి ఇంజెక్టర్ ఎంత డీజిల్ చిమ్ముతుందో ఈసీఎంకు చెబుతుంది. అది ఎక్కించకుండా వదిలేస్తే బండి నడుస్తుంది కానీ పొగ, వణుకు, శబ్దం మిగులుతాయి, ఆ తరువాత ఇంజెక్టర్లు పోయాయని మరొక బిల్లు తయారవుతుంది. కాబట్టి షెడ్డుకు వెళ్లే ముందే ఇంజెక్టర్లన్నింటి కోడ్లనూ, ఈసీఎం స్టిక్కరునూ మీ ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి.

రేపు మెకానిక్ గారి దగ్గరకు వెళ్లినప్పుడు కొట్లాటగా కాకుండా మర్యాదగానే, బ్యాటరీ వోల్టేజీ, కప్లర్ దగ్గర బల్బు వెలిగిన తీరు, ఎర్త్ మీద వోల్టేజీ, 5 వోల్టుల కొలత, 6-14 మధ్య ఓములు, ఈ ఐదింటినీ ఒక కాగితం మీద రాసి ఇవ్వమని అడగండి. పరీక్షకు అడిగిన కూలి ఇవ్వండి, అది న్యాయమైన ఖర్చు. అంకెలు రాయడానికి ఇష్టపడని చోట ఈసీఎం కొనవద్దు. మీ పాత ఈసీఎంను మాత్రం ఏ పరిస్థితిలోనూ ఎక్స్చేంజికి వదిలేయకుండా వెనక్కి తీసుకోండి, కొత్తదానితో తేడా వస్తే మీ బండి డేటా దొరికేది అందులోంచే.